దీపాలు పెట్టాక తోడు

వైశాలి కాలనీ, 5 నవంబరు 2009

మన అపార్టుమెంటు మహిళా కమిటీ కన్వీనరు ఉమారాణి గారికి, 204 నంబరు ఫ్లాటు నుంచి నథానియేలు వందనాలు.

లిఫ్టు పక్కన మీరు అంటించిన పోస్టరు చదివాను. "పక్కింట్లో ఆడమనిషి ఏడుపు వినబడితే ఊరుకోకండి. బెల్లు కొట్టండి. ఏదో ఒకటి అడగండి" అన్నారు. మంచి మాట. నేనూ సంతకం పెట్టాను. కానీ అందరూ నా బెల్లే కొడుతున్నారు.

సోమవారం మొదటి అంతస్తు అన్నపూర్ణేశ్వరి గారు వచ్చి తోడు పెరుగు అడిగారు. ఇచ్చాను. మరునాడు చటర్జీ బాబు వచ్చి టైమెంత అన్నాడు. అతని చేతికే వాచీ ఉంది. నిన్న ఇద్దరు ఆడవాళ్ళు "భయ్యా, దీదీ ఠీక్ హై?" అంటూ నా భుజం మీంచి లోపలికి తొంగి చూశారు. దీదీ, అంటే మా ఆవిడ అబిగెయిల్, నర్సు. ఈ నెలంతా సాయంత్రం డ్యూటీ. ఆ వేళకి ఇంట్లో ఉండేది నేనూ, ఫ్రిజ్జూ. ఫ్రిజ్జు ఏమైనా ఫిర్యాదు చేసిందా?

ఇట్లు,
నథానియేలు

తా.క. పెరుగు గిన్నె మీద అబిగెయిల్ పేరు చెక్కించి ఉంది. తిరిగి ఇప్పించగలరు.

*

6 నవంబరు

నథానియేలు అన్నయ్యగారికి ఉమారాణి నమస్కారాలు.

కోపం తెచ్చుకోకండి. అసలు ఈ ఉత్తరమే కోపం గురించి. సాయంత్రాలు 204 వైపు నుంచి మగగొంతు కేకలు, ఆడగొంతు ఏడుపు వస్తున్నాయని ఫిర్యాదుల డబ్బాలో చీటీలు పడ్డాయి. "ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను" అని ముందు అందరూ అంటారని మాకు ట్రైనింగులోనే చెప్పారు.

వచ్చే శనివారం హాల్లో మగవాళ్ళకి క్లాసు పెడుతున్నాం. మీ పై ఫ్లాటు 304లో ఉండే మన ఛైర్మన్ పద్మనాభం గారే చెబుతారు. మీకు ముందు వరసలో కుర్చీ వేయించాను.

మీ మేలు కోరే
ఉమారాణి

తా.క. వట్టి గిన్నె ఎలా తిరిగిస్తామని అన్నపూర్ణేశ్వరి గారు సున్నుండలు చేస్తున్నారు. మీ ఇంటికి పంపడమా, దీదీకి ఆస్పత్రికే పంపడమా అని కమిటీ ఆలోచిస్తోంది.

*

7 నవంబరు

ఉమారాణి గారికి వందనాలు.

నేను ఆటోని కూడా గొంతెత్తి పిలవను. చెయ్యి ఊపుతాను. అది వెళ్ళిపోతే ఇంకోదానికి ఊపుతాను.

నిన్న సాయంత్రం స్నానాలగదిలో బట్టలు ఉతుకుతుంటే, పైపులు వెళ్ళే సందులోంచి వినబడింది. పై నుంచి. ఏదో పళ్ళెం విసిరికొట్టిన చప్పుడు, పద్మనాభం గారి కేకలు, తర్వాత ఆయన భార్య లక్ష్మీకుమారి గారి ఏడుపు. ఇన్నాళ్ళూ టీవీ సీరియల్ అనుకున్నాను. సీరియల్ అయితే మధ్యలో ప్రకటనలు రావాలి కదా అని నిన్నగానీ తట్టలేదు.

ఇట్లు,
నథానియేలు

తా.క. (ఇది అబిగెయిల్ రాస్తున్నది.) ఉమారాణీ, ఈయన ఒక్కసారి అరిస్తే చూద్దామని పెళ్ళయినప్పటి నుంచీ కాచుకుని ఉన్నాను. మీ క్లాసులో అరవడం నేర్పితే తప్పకుండా పంపుతాను.

*

9 నవంబరు

అన్నయ్యగారికి ఉమారాణి నమస్కారాలు.

మొదట నమ్మలేదు. మన ప్రచారానికి రిబ్బను కత్తిరించింది ఆయన. పోస్టరు మీద మాటలూ ఆయనవే. అందుకని మీ బెల్లు కొట్టినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి అడిగాను.

అందరికీ తెలుసట! అందరూ 304కే బయల్దేరారట. మెట్ల మీద కాళ్ళు ఆగిపోయాయట. ఛైర్మను, పైగా పెద్ద ఆఫీసరు, ఏమంటాడోనని. నథానియేలు గారైతే ఏమీ అనరు, ఆయన బెల్లు కొడితే ఆ చప్పుడు సందులోంచి పైకీ వినబడుతుంది, అని మీది కొట్టారట. చీటీల్లో 204 అని రాసిందీ ఆ ధైర్యంతోనే.

మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టబోయాను, మన్నించండి. ఇప్పుడు నాకూ ఆ మెట్లెక్కే ధైర్యం చాలడం లేదు. ఆదివారం మీటింగు పెట్టి తీర్మానం చేద్దామా?

మీ చెల్లెలు
ఉమారాణి

తా.క. దీపాలు పెట్టాక మా ఇళ్ళల్లో తోడు ఇవ్వరు. మీకు ఆ పట్టింపు లేదని అన్నపూర్ణేశ్వరి గారు అదే అడిగారట.

*

11 నవంబరు

చెల్లెమ్మ ఉమారాణికి వందనాలు.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. నిన్న కేకలు మొదలవగానే ఇంకో గిన్నె పట్టుకుని మెట్లెక్కాను. 304 బెల్లు కొట్టాను. పద్మనాభం గారు తలుపు జానెడు తీశారు.

"తోడు కావాలండి."

"దీపాలు పెట్టాక తోడు ఇవ్వమయ్యా. తెలీదూ?"

"మంచిది. ఆ మాట మీ ఆవిడగారిని చెప్పమనండి. విని పోతాను."

తలుపు వేయబోయారు. సందులో గిన్నె పెట్టాను. అది చొట్టపోయింది. తర్వాత జరిగింది ఇక్కడ రాయడానికి మొహమాటంగా ఉంది, తా.క.లో రాస్తాను.

వెనక్కి తిరిగితే మెట్ల నిండా జనం. అన్నపూర్ణేశ్వరి గారి చేతిలో మా మొదటి గిన్నె, నిండా సున్నుండలు. చటర్జీ బాబు పద్మనాభం గారిని టైమెంత అని అడుగుతున్నాడు.

లక్ష్మీకుమారి గారు బయటికి వచ్చి చొట్ట గిన్నె అందుకున్నారు. "పదండి అన్నయ్యగారూ, తోడు మీ ఇంటికొచ్చే పెడతాను" అన్నారు. రాత్రి అబిగెయిల్ దగ్గరే పడుకున్నారు. పొద్దున్నే గుర్గావ్ నుంచి వాళ్ళ తమ్ముడు వచ్చాడు. ముగ్గురూ కలిసి ఫిర్యాదు ఇవ్వడానికి పోలీసుల దగ్గరికి వెళ్ళారు. ఆవిడ పెట్టిన పెరుగు గట్టిగా తోడుకుంది.

శనివారం క్లాసుకి వస్తాను. చెప్పేవాళ్ళని మార్చండి. ముందు వరస కుర్చీ ఆయనకి ఉంచండి.

మీ అన్నయ్య
నథానియేలు

తా.క. డబ్బాలో మళ్ళీ చీటీలు పడతాయి. మూడో అంతస్తులో మగగొంతు కేక గేటు దాకా వినబడిందని. ఈసారి విచారణ అక్కర్లేదు. "తలుపు తియ్యవయ్యా!" అని అరిచింది నేనే.

ఇంకో తా.క. (అబిగెయిల్.) నిన్న డ్యూటీ నుంచి పెందలాడే వచ్చేశాను. అప్పుడే గేటు దగ్గర ఆటో దిగుతున్నాను. విన్నాను. కాచుకున్నందుకు బాగుంది.