ఇంట్లో ఇంకెవరున్నారని అడిగితే

లిండ్సే,

దూడల బేరానికి బెయిర్న్స్‌డేల్ సంతకు వెళ్తున్నాను, పొద్దుపోయాకే వస్తాను. ఓవెన్‌లో మాంసం కూరిన రొట్టె ఉంది, వేడి చేసుకుని తిను. కుక్కను ఇంట్లోకి రానివ్వు.

కంప్యూటర్‌లో నీకు వైద్యం చేసే ఆ మెల్‌బోర్న్ డాక్టరమ్మ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అడవి మంటలార్పుతూ నువ్వు చూసినవాటి గురించి మాట్లాడించే ముందు, "ఇప్పుడు ఎక్కడున్నారు? ఇంట్లో ఇంకెవరున్నారు?" అని ప్రతిసారీ ఆరా తీస్తుంది. పశువుల దొంగలు కూడా ముందు అదే అడుగుతారు. పోయిన వారం నేను సంతకు బయల్దేరుతుంటే, "మా ఆవిడ పక్క గదిలోనే ఉంది" అని నువ్వు చెప్పడం వినబడింది. పర్వాలేదు, గడుసువాడివే అనుకున్నాను.

నిన్న ఆ డాక్టరమ్మకే ఫోన్ చేసి నిలదీశాను. "మాట్లాడుతుండగా మనిషి తట్టుకోలేకపోతే ఎవరిని పిలవాలో నాకు తెలియాలి కదమ్మా. నేనేమో ఇంత దూరంలో ఉన్నాను," అంది.

అంటే ఆరోజు నీకేదైనా అయ్యుంటే, ఇంట్లో లేని నన్ను పిలిచేది. ఇప్పుడు నా అనుమానమంతా నీ మీదే. ఈరోజు ఆవిడ అడిగితే నిజం చెప్పు.

నోరీన్

పక్క పొలం గ్లెనిస్ నువ్వు డాక్టరమ్మతో మాట్లాడే వేళకు వచ్చి వంటింట్లో కూర్చుంటుంది. ఆవిడ ఉందని డాక్టరమ్మకు చెప్పు. చక్కెర కోసమే వచ్చానంటుంది, నమ్మకు.