స్కానర్‌కి పెట్టిన బొట్టు

సెప్టెంబరు 22, సోమవారం
స్కానర్ వచ్చింది! తుడియలూరులో నా పంపుల వర్క్‌షాపు ముందుగదిలో, లేతు పక్కన పెట్టించాను. మా తెలుగు సంఘం కల్యాణ మంటపంలో లైబ్రరీ గదిని దీపావళి తర్వాత డైనింగ్ హాలు చేస్తారట. నిన్న మీటింగులో లేచి ప్రకటించేశాను: రోజుకో తెలుగు పుస్తకం స్కాన్ చేసి నెట్‌లో పెడతాను! లోకమంతా చదువుకుంటుంది! నెట్‌లో ఎక్కని పుస్తకాన్ని పారేయకూడదని తీర్మానం కూడా చేయించాను. చప్పట్లు. సంఘంలో అందరిదీ ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం; తెలుగు అక్షరాలు చదవగలిగేది ఇద్దరమే. ఒకడిని నేను, రెండోవాడు కళ్లజోడు పెట్టుకున్న నేను.

అన్నూరు నుంచి మేనత్త తిరుమలమ్మాళ్ ఫోను. "సెల్వా, మా నాయన పాటల బుక్కు మొదలు ఎక్కించురా. నాకు చదవను రాదు. నేను పోయేలోపల నువ్వు చదివితే ఒగ తూరి వినాల."
"కండిప్పా అత్తా, తప్పకుండా!"
తాత సొంత ఖర్చుతో అచ్చు వేయించిన పుస్తకం. మిగిలింది మంటపం లైబ్రరీలో ఉన్న ఆ ఒక్క కాపీయే. అలాంటిదాన్ని చెయ్యి తిరగకముందే ముట్టుకోవడం తప్పు. చివర్న చేస్తాను.

సెప్టెంబరు 23
ఉదయం ఆరుకే మొదలు. ఒక పుస్తకం పూర్తి! నెట్‌లో పెట్టాను. సాయంత్రానికి పాఠకులు: ఒకరు. అది నేనే.

సెప్టెంబరు 25
మేట్టుపాళయం పంపుల ఆర్డరు. ఊపిరాడలేదు. రేపు రెండు చేస్తే సరి.

సెప్టెంబరు 26
రేపు మూడు.

సెప్టెంబరు 29
నడుం పట్టేసింది. స్కానర్ మూత ఎత్తి దించడం మాటలు కాదు. మోటార్లకు కాయిల్ చుట్టే కాళియమ్మాళ్ చూసి, "జరగండన్నా, నేను చేస్తాను" అంది. మధ్యాహ్నానికి రెండు పుస్తకాలు అవగొట్టింది! ఇకమీదట నాది పర్యవేక్షణ. టీ కొట్టు నుంచి కూడా బాగానే కనిపిస్తుంది.

అక్టోబరు 1, ఆయుధ పూజ
లేతుకు, డ్రిల్లుకు, స్కూటరుకు, అన్నిటికీ గంధం, కుంకుమ. కాళియమ్మాళ్ స్కానర్ మూత ఎత్తి, గాజు నడిమధ్యన నిండుగా బొట్టు పెట్టింది. "మూతకు పెడితే ఎట్లన్నా? మొగం ఇది గదా." నిజమే అనిపించింది. దణ్ణం పెట్టాను. పూజలో పెట్టిన పుస్తకాలను విజయదశమి దాకా తెరవకూడదు. ఆచారం! నేను దాన్ని ఆదివారం దాకా పొడిగించాను.

అక్టోబరు 8
కాళియమ్మాళ్ దుమ్ము దులిపేస్తోంది! అయినవాటిని అయినట్టే మంటపానికి తిరిగి పంపేస్తున్నాం. నేను ఒక్క పేజీ కూడా సరిచూడలేదు. అంత నమ్మకం.
అత్త ఫోను. "ఎక్కించినావా?"
"వరసలో ఉండాది అత్తా."

అక్టోబరు 13
తెనాలి నుంచి ఒకావిడ మెసేజీ. పాఠకురాలు! "అయ్యా, ప్రతి పేజీ మధ్యలో ఎర్రటి చుక్క ఉంది. అచ్చాఫీసు గుర్తా? దాని కింద మాటలేమిటో అసలు పుస్తకం చూసి చెప్పగలరా?"
తెరిచి చూశాను. పండగ తర్వాత చేసిన ప్రతి పేజీకీ బొట్టు! కథలకు, వైద్యానికి, వ్యవసాయానికి, అన్నిటికీ ముత్తైదువ కళ.
గుడ్డ తీసుకున్నాను. కాళియమ్మాళ్ అడ్డం వచ్చింది. "వేండాం అన్నా! పూజ బొట్టు మనమే తుడిచేదా? అదే పోవాల." నాకూ చెయ్యి రాలేదు. ఇన్నేళ్లలో ఏ మిషను బొట్టూ తుడిచి ఎరగను. స్కానింగ్ బందు.

అక్టోబరు 14
అసలు పుస్తకాల కోసం మంటపానికి పోయాను. స్కాన్ అయినవి ఒక్కటీ లేవు.
"పాత పేపర్ కడకు వేసేసినాం సెల్వరాజు. నెట్‌లో ఉండాయి గదా?" అన్నారు సంఘం అధ్యక్షుడు పెరుమాళ్‌సామి మామ.
ఆ పాత పేపర్ల కొట్టుకు పరిగెత్తాను. లోడు నిన్ననే పేపర్ మిల్లుకు పోయిందట. అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఆ మాటలు ఇక ఎక్కడా లేవని తెనాలి ఆవిడకు రాశాను. క్షమించమన్నాను.
మళ్లీ మంటపానికి వచ్చి అలమర అంతా వెతికాను. అట్టడుగు అరలో తాత పుస్తకం! స్కాన్ కాలేదు కాబట్టి ఉంది.

అక్టోబరు 20, దీపావళి
అత్త వచ్చింది. మంటపానికి తీసుకెళ్లి పుస్తకం ఒళ్లో పెట్టాను. జరిగిందంతా చెప్పాను. తాత పేరు ఎక్కడుందో అడిగి అత్త దాని మీద వేలు పెట్టింది.
"చదువు."
చదివాను. మూడో పాటకు అత్త గొంతు కలిపింది. ఒక్క మాట కూడా పోలేదు. పుస్తకం మూసి అడిగింది. "ఇంటికి ఇయ్యరా?"
"సంఘం ఆస్తి అత్తా. ఇయ్యరు."
"ఎక్కిస్తే కడకు పంపేస్తారా?"
"పంపేస్తారు."
"అట్లయితే మెల్లగా ఎక్కించురా."

అక్టోబరు 21, అమావాస్య
మామ ఫోను. "మిగిలినవి ఎప్పుడవుతాయి సెల్వరాజు? నీ తీర్మానంతో హాలు పని నిలిచిపోయి ఉండాది."
"రేపటి నుంచి రోజుకో పుస్తకం మామా. కండిప్పా!"
ఆయన నమ్మారు. నా సంగతి నాకు తెలుసు కాబట్టి నాకూ దిగులు లేదు.
అమావాస్య పూజకు కాళియమ్మాళ్ గాజు మీద బొట్టు మళ్లీ నిండుగా దిద్దింది. నేను వద్దనలేదు. అదే పోవాల గదా. రేపు ఉదయం ఆరుకు మొదలు.