ఆ తాడు నేనిచ్చిందే

అపియా, శుక్రవారం

చెల్లీ సెఫినా,

నువ్వు శవపేటిక మీద పడి "తాడెందుకు కట్టుకోలేదు నువ్వు?" అని నీ భర్త ఫేతుని తిడుతుంటే, పక్కనే ఉండి నోరు విప్పలేకపోయాను. వాడు కట్టుకున్నాడమ్మా. కప్పు మీద కట్టిన చోటి నుంచి నేల నాలుగు మీటర్లే. మేస్త్రీగా నేనిచ్చిన తాడు ఆరు మీటర్లు. అది బిగిసేలోపే వాడు నేలకు తగిలాడు.

"అన్నా, ఇది మరీ పొడుగు కదా?" అని ముందే అడిగాడు. పొట్టి తాడు తేవడానికి బద్ధకించి, "చర్చి కప్పుకి ఒక్క రేకేగా మిగిలింది, ఎక్కరా" అన్నాను. నవ్వుతూ ఎక్కాడు.

తనిఖీ అధికారికి ఇదంతా ఒప్పుకున్నాను. రేపు తెల్లారేసరికి, మన పద్ధతి ప్రకారం క్షమాపణ కోరుతూ తల మీద చాప కప్పుకుని మీ వాకిట్లో కూర్చుంటాను. చాప తీసి నన్ను లేపుతావో లేదో నీ ఇష్టం. వాణ్ణి మాత్రం ఇంక తిట్టకమ్మా.