చల్లని ఇనుము

ఇసోబెల్‌కి, నేనూ మర్డో ఇద్దరం కులాసా. నా మోకాలి గురించి బెంగపడకు. శనివారం దాకా ఇంటికి రాను, ఎందుకో విను.

ఓపెన్ గోల్ఫ్ పోటీలో ఇవాళ్టి ఆటకి ఆఖరి గుంట. ఒక్క దెబ్బ ఎక్కువైతే మిగతా రోజుల ఆటకి ఉంచకుండా మమ్మల్ని ఇంటికి పంపేస్తారు. అప్పుడే సముద్రం మీంచి మంచు కమ్మేసింది. ఎదురుగా ఉన్న కాలవ కనబడదు, అలల చప్పుడే. మర్డో గోల్ఫ్ సంచి నా భుజాన వేసుకుని నిలబడితే మన పడవలోనే ఉన్నట్టనిపించింది. అంతలో మాతో ఆడుతున్న పెద్దమనిషి, పొద్దున తిన్న మాంసాన్ని మెచ్చుకుంటూ, బురదలో పొర్లే ఆ జంతువు పేరు పైకి అనేశాడు. మనలాంటి జాలర్ల ముందు అనే మాటేనా అది!

ఆ మాట వింటే కీడు తగలకుండా చల్లని ఇనుము ముట్టుకోవాలి కదా, సంచిలోంచి ఇనుప కర్ర తీశాను. మర్డో తన చెక్క కర్ర పారేసి దాన్ని లాక్కున్నాడు.

"దీంతో బంతి కాలవ దాటదురా!" అన్నాను.

"ఇప్పుడు ఇనుము వదిలితే ఒడ్డే చేరం, నోర్మూసుకో," అని కొట్టేశాడు.

కలలోలా మంచులో నడిచి వెళ్లి చూస్తే, బంతి కాలవకి జానెడు ఇవతల ఆగి ఉంది. చెక్క కర్రతో కొట్టిన పెద్దమనిషి బంతి నీళ్లపాలు. మర్డో ఇంకో రెండు దెబ్బల్లో ముగించాడు. నిలిచాం!

ఉన్ని మేజోళ్లు పంపు. మీ అన్న వలలు ఎండబెట్టాడా? పాపకి ముద్దులు. మీ అమ్మ దొడ్లో ఉన్నది ఈనిందా? ఎన్ని పిల్లలో రాయి, దేని పిల్లలో మాత్రం రాయకు. ఇంకా రెండు రోజుల ఆట ఉంది.

నీ ఆర్చీ