రెండు తాళాల ఇల్లు

తమ్ముడూ,

నా చేతిరాత చూసి చింపెయ్యకు, చివరిదాకా చదువు.

మన నాన్నలు పంతానికి పోయి చెరో తాళం వేసిన ఇల్లు, ఇద్దరూ పోయాక పాములపుట్ట, చెత్తకుప్ప అయింది. కంపు భరించలేక వీధివాళ్లు ఫిర్యాదు చేశారు. బాగుచేసి, పనికెళ్లే తల్లులు పిల్లల్ని వదిలి వెళ్లే చోటుగా మారుస్తామని మున్సిపాలిటీ వాళ్లు అడిగారు. నా వరకు సరేనన్నాను. ఇక నువ్వు ఒప్పుకోవాలి.

నిన్న వాళ్లు లోపల ఎలా ఉందో చూడ్డానికని తాళాలు పగలగొట్టబోతుంటే ఆపి, మా నాన్న తాళానికి తాళంచెవి పెట్టి తిప్పాను. తుప్పు పట్టి కదలదనుకున్నాను. ఇట్టే తిరిగింది.

ఎదురింటి దర్జీ తల వంచుకుని చెప్పాడు. "మీ నాన్నగారు ఉన్నన్నాళ్లూ వచ్చి నూనె వేసి వెళ్లేవారమ్మా. మీ బాబాయిగారూ అంతే, ఆయన తాళానికి ఆయన. వాడు తీస్తే నేనూ తీస్తాననేవారు ఈయన. అన్నయ్య తీస్తే నేనూ తీస్తాననేవారు ఆయన."

"మరి ఆ మాట వాళ్లకి చెప్పలేదేం?"

"చెప్పనని ఇద్దరూ నాతో ఒట్టు వేయించుకున్నారమ్మా."

గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

మీ నాన్న తాళం పగలగొట్టొద్దని బతిమాలి ఆపించాను. నువ్వే వచ్చి తియ్యి. బలం పెట్టక్కర్లేదు, అదీ ఇట్టే తిరుగుతుంది.

నీ అక్క