ఐదో పాటకు చప్పట్లు

తేదీ: పదకొండు, గురువారం
రికార్డుల ఫ్యాక్టరీ, కటింగ్ రూమ్

గాయక శిఖామణి గారికి, మీ బ్యాండు మాజీ డ్రమ్మరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమో కాదో ఈ ఉత్తరం చివరిదాకా చదివాక నువ్వే తేల్చుకో.

మర్యాద ఇక్కడితో సరి. ఒరేయ్ బొంగురూ, మీ మొదటి ఆల్బం బజారులోకి వచ్చి మూడు వారాలైంది. జనం ఏమంటున్నారో నీ చుట్టూ ఉన్న భజనపరులు చెప్పి ఉండరు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాణ్ణి, నేనే చెప్పాలి.

మొదటి పాట పెట్టగానే మా అక్క మిక్సీ కాలిపోతోందని వంటింట్లోకి పరుగెత్తింది. మిక్సీ ఆపే ఉంది. పైవాటా టైపిస్టు గారు కిందికొచ్చి, గోడకు బెజ్జాలు ఇంకా ఎన్ని కొట్టాలండీ అని మెల్లగా అడిగారు. మా వీధి మంగలి షాపులో రెండో పాట వేస్తే, సగం గడ్డం గీయించుకున్న ఆసామి మెడలో తువ్వాలుతోనే లేచి వెళ్లిపోయాడట. ఆ తువ్వాలు ఎవరిని అడగాలని మంగలి నన్ను నిలదీశాడు. మీ ఇంటి గుర్తులు చెప్పాను.

సంతోషించానా అంటే, సంతోషించాను. కడుపు నిండింది. దాచుకోవడం దేనికి?

ఐదో పాట దగ్గర మాత్రం కథ మారింది. అదే మంగలి కత్తెర ఆపి విన్నాడు. అక్క తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పత్రికలో విమర్శకుడు అరపేజీ రాశాడు. నువ్వు భాషనే బద్దలు కొట్టావట, మనిషి పుట్టకముందు మాట్లాడే మాటలు అవేనట. రికార్డుల కొట్టులో కాలేజీ పిల్లలు ఆ ఒక్క పాటే మళ్లీ మళ్లీ వేయించుకుంటున్నారు. అర్థం కాని ఆ మాటలన్నీ నోటికి పట్టేశారు కూడా.

అది ఎవరి పాటో నీకూ నాకూ తెలుసు. మా నాన్న పోయిన వారానికి, వర్క్‌షాపులో ఆయన కూర్చునే స్టూలు మీద కూర్చుని రాసుకున్నాను. మాటలు నావి, వరస నాది. మొదటిసారి వినిపించినప్పుడు నువ్వూ ఏడ్చావు. ఆర్నెల్లు తిరక్కుండా ఆల్బం అట్ట మీద రచన, స్వరం అన్నచోట నీ పేరు వేయించుకున్నావు. ఇదేమిట్రా అని అడగడానికి వస్తే, నీకు స్వరజ్ఞానం లేదు, పోయి ఫ్యాక్టరీలో మిషన్లు తిప్పుకో అని అందరి ముందూ బయటికి నెట్టావు. మా ఇంట్లో తిని పెరిగినవాడివి, తిన్నింటి వాసాలే లెక్కపెట్టావు. నిన్ను క్షమించలేదు. ఆ ఉద్దేశం కూడా లేదు.

శనివారం మీ కచేరీకి వస్తున్నాను. ముందు వరసలోనే ఉంటాను.

ఇట్లు,
స్వరజ్ఞానం లేక మిషన్లు తిప్పుకుంటున్న
నీ పాత డ్రమ్మరు

తా.క.: మీ ఐదో పాట విడిగా ఒక టేపు చుట్టలో మా ఫ్యాక్టరీకి వచ్చింది. టేపులను చివరి కొస పైకి ఉండేలా చుట్టి పంపుతారు. ముందు వెనక్కి చుట్టుకుని, ఆ తర్వాతే రికార్డు మీదికి దించాలి. ఆ రోజు మరిచిపోయి అలాగే ఎక్కించాను. పాట చివరి నుంచి మొదటికి మోగడం మొదలుపెట్టింది. ఆపబోతుంటే డబ్బా మీది చీటీ కనిపించింది. దాని మీద కూడా నీ పేరే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అయినా నీకో అవకాశం ఇచ్చాను. అచ్చు వేసే ముందు నమూనా రికార్డు నీకే పంపాను. మీ మోతలో ముందేదో వెనకేదో జనానికి తెలియకపోవచ్చు, పాడినవాడికైనా తెలియాలి కదా. అద్భుతం, ఒక్క ముక్క మార్చొద్దు అని రాసి సంతకం పెట్టి పంపావు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

నాన్న పాట ఇంతవరకూ జనంలో ఎవరూ వినలేదు. అది నా దగ్గర భద్రంగా ఉంది. శనివారం జనం ఐదో పాటే పాడమంటారు. వాళ్లకు నోటికి వచ్చు. రెండు రోజులుంది, నువ్వూ నేర్చుకో.