కేకల కోడమ్మ

అనకాపల్లి,
1963 డిసెంబరు

ప్రియమైన చిన్నమ్మలుకి, నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వేళ్ళకంటిన రంగు కడిగినా పోక, జవాబు ఆలస్యమైంది. ఈ కాగితం మూలనున్న ఎర్ర మరక నక్క తోకది. కంగారు పడకు.

నీకు ఐదో నెల వచ్చిందని తెలిశాక నాకు కాలు నిలవడం లేదు. మీ అమ్మే ఉంటే ఈపాటికి వీధివీధంతా చెప్పేసేది. ఆ పని నేనే చేశాను. తొలి కానుపు పుట్టింట్లోనే కదా, ఏడో నెల రాగానే సారె పట్టుకుని వస్తాను. ఇంట్లో ఆడదిక్కు లేదని బెంగ పెట్టుకోకు. పక్కింటి బుల్లమ్మ, "అన్నీ నాను సూసుకుంతాను, నువ్వు బొమ్మలేసుకో" అని మాటిచ్చింది. పెద్దాసుపత్రి మనింటికి కూతవేటు దూరంలోనే ఉంది.

నీ చిన్నప్పుడు నిన్ను చూసి పిల్లల కోసం వేసిన ఉడత బొమ్మల పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేస్తానంటున్నాడు మన ప్రెస్సు అబ్దుల్ సత్తార్. "త్రినాధా బావా, ఉడత అత్తారింటికెల్లిపోయింది. ఇంక నీ పుస్తకాల్లోకి జంతువులెక్కణ్ణించి వత్తాయి?" అని వేళాకోళమొకటి. నిజమే మరి. చూడనిదాన్ని గీయడం నాకు చేతకాదు. నేను అడవి మొహం ఎరగను. నా నక్కలన్నీ బెల్లం మార్కెట్టు దళారీలు, నా ఎలుగుబంటి మన పాత పోస్టుమాస్టరు. నువ్వు అక్కడి మనుషుల సంగతులు రాస్తూ ఉండు. వాళ్ళకి తోకలూ రెక్కలూ నేను తగిలిస్తాను.

నీ రాకకి ఎదురుచూస్తూ,
నాన్న త్రినాధరావు


దేవరాపల్లి,
1964 జనవరి

ప్రియమైన నాన్నకి,

మనుషుల సంగతులు కావాలన్నావు. ఇక్కడ ఒక్క మనిషి చాలు, నీకు పది పుస్తకాలకి సరిపోతుంది. మా అత్త అప్పలనర్సమ్మ.

మెళ్ళో రెండు పేటల పగడాలు, నోట్లో ఎప్పుడూ అడ్డపొగ. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని కూడా కేకలెయ్యగలదు. ఆ విద్య ఎక్కడ నేర్చుకుందో గాని, వాకిట్లో కేకేస్తే చెరుకు తోటలో ఉన్న కూలీలు తలెత్తి చూస్తారు. చింతపండు జాడీ దింపుదామని అటకెక్కబోతే కేక. నూతిలో చేద వేస్తే కేక. బెల్లం వండుతున్నారని పెనం దగ్గరికి వెళ్ళి నిలబడ్డానో లేదో, పనివాళ్ళందరి ముందూ, "ఓలమ్మో, నీ కాళ్ళిరగా! అటెందుకెల్లేవే గుంటా!" అని అరిచింది. సిగ్గుతో చచ్చిపోయాను. నా ఆడపడుచు సింహాచలం జొరమొచ్చి పోయిందట, నేనీ ఇంటికి రాకముందే. గోడనున్న ఆవిడ ఫోటో తుడుద్దామని పీట ఎక్కితే దానికీ కేకే.

నీ అల్లుడితో చెబితే "మా అమ్మ నోరంతే" అనేసి పొలం గట్టుకి పోతారు. పురిటికి పంపే మాటెత్తితే అత్త వినిపించుకోనట్టు చుట్ట తిప్పుకుంటుంది. నాకు మనింటికి రావాలని ఉంది నాన్నా. ఆ రంగుల వాసన మధ్య కంటినిండా నిద్రపోవాలని ఉంది. తొందరగా రా.

నీ ఉడత,
చిన్నమ్మలు


అనకాపల్లి,
1964 ఫిబ్రవరి

ప్రియమైన నా చిట్టి ఉడతకి,

మీ ఊరి నుంచి వచ్చినప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. మీ అత్త సారె బుట్టలు దింపించింది, కాళ్ళకి నీళ్ళిచ్చింది, కూర్చోమంది. అంతా మర్యాదే. "చెల్లెమ్మా, పిల్లని తీసుకెళ్తాను" అనేసరికి మాత్రం, "నాను పంపనన్నయ్యా" అని లోపలికెళ్ళిపోయింది. కారణం లేదు, మరో మాట లేదు. అల్లుడు వెంకటరమణ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నువ్వు తలుపు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. కడుపుతో ఉన్న పిల్లని తండ్రి వచ్చి అడిగితే పంపని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?

కోపమొస్తే నాకు తిట్టడం రాదు, గీయడమే వచ్చు. నీ ఉత్తరం చదివి మొదలెట్టిన పుస్తకం ఇవాళ పూర్తయింది. పేరు "కేకల కోడమ్మ". ఒక పెరట్లోకి ఉడత కొత్తగా కాపురానికి వస్తుంది. అక్కడో కోడమ్మ. మెళ్ళో పగడాలు, ముక్కులో అడ్డపొగ. ఉడత గోడెక్కితే "నీ కాళ్ళిరగా!" అని కేక. గింజ ఏరుకుంటే కేక. మేకకి నిద్ర లేదు, దూడకి నిద్ర లేదు. ఆఖరికి అందరూ కలిసి కోడమ్మ ముక్కుకి కొబ్బరిపీచు దారం కట్టేస్తారు. పెరడంతా హాయిగా నిద్రపోతుంది. ఆఖరి బొమ్మ అదే. సత్తార్ చూసి పడీ పడీ నవ్వాడు. అచ్చుకి బ్లాకులు చేయించడానికి ఇచ్చేశాను.

నువ్వు కూడా కాస్త నవ్వుకో తల్లీ.

నీ నాన్న


దేవరాపల్లి,
1964 ఫిబ్రవరి

ప్రియమైన నాన్నకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను గాని, నా ఒళ్ళు మండిపోతోంది. నీకు మతి పోయిందా? నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర చెప్పుకుంటానని నా కడుపులో మాట చెప్పాను. దాన్ని అచ్చు వేయమన్నానా? అడ్డపొగ ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు పీలుస్తారు, అది సరే. ఆ పగడాలూ, ఆ "కాళ్ళిరగా" ఎవరివో తెలియనివాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. ఇక్కడి బడిపంతులుగారు నీ పుస్తకాలు ఒక్కటి కూడా వదలరు.

పుస్తకం వేసి నువ్వు చేతులు కడుక్కుంటావు. ఈ ఇంట్లో బతకాల్సింది నేను. కేకలైతే పడ్డాను గాని, ఆవిడ నాతో మాట్లాడ్డమే మానేస్తే ఎలా పడేది? నువ్వు తెచ్చిన మిఠాయి "మా అన్నయ్య తెచ్చేడు" అని ఇంటింటికీ తిరిగి పంచింది. నువ్వు వెళ్ళిన పూట అన్నం కూడా ముట్టలేదు. ఎందుకో నాకు తెలీదు.

ఆపించెయ్యి నాన్నా. నా మీద ఒట్టు.

చిన్నమ్మలు


అనకాపల్లి,
1964 మార్చి

ప్రియమైన తల్లికి,

నీ ఉత్తరం పట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా ప్రెస్సుకి పరుగెత్తాను. "కట్టలు బడులకెల్లిపోయేయి బావా. దేవరాపల్లికి కూడాను" అన్నాడు సత్తార్. తర్వాత నా మొహం చూసి, "నీకెప్పుడూ కోపం ముందు, బుద్ధి ఎనకాలా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

చూడనిదాన్ని గీయనని ఇన్నాళ్ళూ గొప్పలు పోయాను. మీ అత్తని నేను చూసిందెంతసేపు? కాళ్ళు కడుక్కుని మంచినీళ్ళు తాగేంతసేపు. నీ కన్నీళ్ళని చూశాను, వాటినే కోడిగా గీశాను. పిల్లలు తెగ నవ్వుతున్నారని పంతుళ్ళు రాస్తుంటే ఒక్కో ఉత్తరం ముల్లులా గుచ్చుకుంటోంది. సంగతి తెలిసి బుల్లమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది, కూర గిన్నె మాత్రం గోడ మీద పెట్టి వెళ్తోంది.

ఎనిమిదో నెలలో నిన్ను కదపకూడదు. నేనే వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడతాను. నీ మీద ఒక్క విసురు పడినా కార్డు ముక్క రాయి, ఆ పూటే బయల్దేరతాను. నువ్వు రాయకపోతే నా ప్రాణం నిలవదు.

బుద్ధి తక్కువ,
నాన్న


దేవరాపల్లి,
1964 ఏప్రిల్

ప్రియమైన నాన్నకి,

ఇన్నాళ్ళూ రాయలేదని కోప్పడకు. మొదట భయంతో రాయలేదు, తర్వాత తీరిక లేక రాయలేదు. నువ్వు రావద్దు, ఎవరి కాళ్ళ మీదా పడొద్దు. అంతా చెబుతాను, నింపాదిగా కూర్చుని చదువు.

బడి పిల్లలు పుస్తకం పట్టుకుని సరాసరి మా వాకిట్లోకే వచ్చారు. "మామ్మా, ఇది నువ్వే!" అని అత్తకి చూపించారు. అత్తకి చదువు రాదు కదా, నన్ను పిలిచి చదవమంది. దేవుడి మీద భారం వేసి చదివాను. అడ్డపొగ బొమ్మ దగ్గర నవ్వింది కూడా. ఆఖరి బొమ్మ రాగానే పుస్తకం నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది.

"నన్నే గీసేడు మీ నాన్న. పగడాలు కూడా సరిగ్గా గీసేడు. మరి గద్దేదే?" అంది.

"గద్దేమిటత్తా?"

"కోడి ఊరికే అరుత్తాదేటి? పైన గద్ద తిరిగితేనే గదా అరుత్తాది. ఆకాశం అంతా కాళీగా ఒగ్గేసేడు. ముక్కు కట్టేసి అందరూ తొంగున్నారు, బాగానే ఉంది. గద్దొత్తే ఎవలు సెప్తారే?"

పిల్లల్ని పంపేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సింహాచలం జొరంతో పోలేదు నాన్నా. తొలి కానుపు పుట్టింట్లోనే జరగాలని అత్తే పట్టుబట్టి, నెలలు నిండిన పిల్లకి బండి పంపింది. వానల్లో ఏరు పొంగి బండి అవతలి గట్టునే ఆగిపోయింది. నొప్పులు అక్కడే మొదలయ్యాయి. ఇవతలి గట్టున అత్త. నీళ్ళు తీసేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

"ఈ గట్టు మీద నిలబడి కేకలేసేను. ఏటి హోరులో దానికి ఇనబడనేదు. అప్పట్నించీ నా నోరు ఆగదే గుంటా" అంది.

అటక, నుయ్యి, బెల్లం పెనం, పీట. అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నాకు కేకలే వినబడ్డాయి నాన్నా. వాటి వెనకాల భయం నేనూ చూడలేదు, నువ్వూ చూడలేదు. అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా జుట్టు సవరిస్తూ, "ఊరుకో, కడుపులో గుంట జడుసుకుంతాది" అని దానికీ కేకలేసింది.

తెగించి అడిగాను, ఇప్పటికైనా నాన్న దగ్గరికి పంపవా అని.

"పంపను. నానే తీసుకెల్తాను. పంపనన్నాను గాని రానన్నానేటి?" అంది.

తొమ్మిదో నెల వచ్చింది, ఏట్లో చుక్క నీరు లేదు. అయినా బండి మాటెత్తనివ్వడం లేదు, బస్సేనట. సోమవారం వస్తున్నాం. మూటలు కట్టడమూ విప్పడమూ ఆవిడే, నన్ను చెయ్యి వెయ్యనివ్వడం లేదు. వియ్యంకుడింట్లో మకాం పెడితే నలుగురూ నవ్వుతారని ఈవిడ రాత్రిళ్ళు మన పక్కింటి బుల్లమ్మత్త ఇంట్లో పడుకుంటుందట. కేకలు మాత్రం మనింట్లోనే వేస్తుందట. బుల్లమ్మత్తని ఇంక నీతో మాట్లాడమను. అడ్డపొగకి చుట్టలు తెచ్చి ఉంచు.

పుస్తకం మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఆ ముక్కుకి కట్టిన దారం విప్పేసి, పైన గద్దని పెట్టమని అత్త చెప్పింది. ఈ ఉత్తరం మడత పెడుతుంటే మళ్ళీ వచ్చి, "గద్దని మరీ పెద్దగా గీయొద్దని రాయి. పిల్లలు జడుసుకుంతారు" అంది.

నీ ఉడత,
చిన్నమ్మలు